ఇంటి అప్పుకు గీసిన గీత

2025 నవంబరు చివరి వారంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల ఫెడరల్ హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ ఒక సంఖ్యను ప్రకటించినది. 2026వ సంవత్సరంలో ఒక కుటుంబం నివసించే ఇంటిపై తీసుకునే తనఖా రుణానికి సాధారణ పరిమితి 8,32,750 డాలర్లు. అంతకు ముందటి సంవత్సరం అది 8,06,500 డాలర్లు. అనగా 3.26 శాతం పెరుగుదల. ఏటా నవంబరులో వెలువడే ఈ ప్రకటన కొరకు ఇల్లు కొనదలచినవారూ, అప్పులిచ్చే బ్యాంకులూ మనం కరవు భత్యం ఉత్తర్వుల కొరకు ఎదురుచూచినట్లే ఎదురుచూస్తారు.

గుంతకల్లు లోకో షెడ్డులో పనిచేసే సోదరునికీ, రాజమండ్రి హెడ్ పోస్టాఫీసు కౌంటరులో కూర్చునే సోదరికీ ఈ సంఖ్యతో ఏమి నిమిత్తమని పాఠకులు అడుగవచ్చును. డాలర్లతో మనకు నిమిత్తం లేదు. ఆ సంఖ్యను ఏటేటా సవరించే పద్ధతితో మాత్రం చాలా నిమిత్తమున్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మన గృహనిర్మాణ అడ్వాన్సుకు కూడా ఒక గరిష్ఠ పరిమితి ఉన్నది. అది 25 లక్షల రూపాయలు. 2017 నవంబరులో ఆ గీత గీశారు. ఆనాటి నుండి ఇటుక ధర పెరిగినది, ఇనుము ధర పెరిగినది, మేస్త్రీ కూలి పెరిగినది, ఇంటి స్థలం ధర చెప్పనే అక్కరలేదు. గీత మాత్రం గీచిన చోటనే ఉన్నది. కదలని పరిమితి కాగితం మీద స్థిరంగా కనిపిస్తుంది. వాస్తవంలో అది ఏడాదికేడాది తగ్గుచున్న పరిమితి. ఎవరి సంతకమూ లేకుండా, ఏ ఉత్తర్వూ జారీ కాకుండా జరుగుచున్న కోత యిది. ఈ విషయాన్నే ఇక్కడ కొంత వివరంగా పరిశీలించవలసి ఉన్నది.

అమెరికాలో గీత ఎట్లా పనిచేస్తుంది

ముందుగా అమెరికా వ్యవస్థను తెలుసుకుందాం. అక్కడ ఇంటి అప్పుల వ్యవహారమంతా రెండు పెద్ద సంస్థల చుట్టూ తిరుగుతుంది. మొదటిది ఫానీ మే. మహామాంద్యం అనంతరం, 1938లో, ప్రభుత్వమే దానిని స్థాపించినది. 1968లో దానిని వాటాదారుల సంస్థగా మార్చారు. రెండవది ఫ్రెడ్డీ మాక్, 1970లో వచ్చినది. ఈ రెండు సంస్థలూ ఎవరికీ నేరుగా అప్పు ఇవ్వవు. బ్యాంకులు ఇచ్చిన అప్పులను కొంటాయి. అట్లా కొన్న వేలాది రుణాలను కట్టలుగా కట్టి, ఆ కట్టలపై పత్రాలు జారీచేసి మదుపుదారులకు అమ్ముతాయి. అప్పు తీసుకున్నవాడు వాయిదా కట్టకపోయినా మదుపుదారునికి డబ్బు అందుతుందని హామీ ఇస్తాయి. బ్యాంకుకు తాను అప్పుగా ఇచ్చిన సొమ్ము తిరిగి చేతికి వస్తుంది, దానితో మరొకరికి అప్పు ఇస్తుంది. ముప్పది సంవత్సరాలపాటు మారని వడ్డీతో అక్కడి సామాన్య గృహస్థునికి అప్పు దొరుకుటకు ముఖ్య కారణం ఈ ఏర్పాటే.

అయితే ఈ సంస్థలు ఎంత పెద్ద అప్పునైనా కొనడానికి వీలు లేదు. ఇంత మొత్తానికి మించిన అప్పును కొనరాదని చట్టం ఒక గీత గీచినది. గీతకు లోపల ఉండి, మిగిలిన ప్రమాణాలకు కూడా సరిపోయే అప్పును అక్కడ కన్‌ఫార్మింగ్ రుణమంటారు. మనం ప్రమాణబద్ధ రుణమని చెప్పుకుందాం. గీత దాటిన అప్పుకు జంబో రుణమని పేరు. జంబో రుణాన్ని బ్యాంకు తన వద్దనే ఉంచుకోవలెను, లేదా ప్రభుత్వ అండ లేని మార్కెట్టులో అమ్ముకోవలెను. అందువలన అప్పు తీసుకునేవాని ఆదాయాన్నీ, చేతిలోని సొమ్మునూ, పాత అప్పుల చరిత్రనూ బ్యాంకు మరింత నిశితంగా చూస్తుంది. చేతి నుండి ఎక్కువ సొమ్ము పెట్టమంటుంది.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించవలెను. గీత ఇంటి ధరకు గీచినది కాదు, కొనేవాని ఆదాయానికి గీచినది కాదు. అప్పు మొత్తానికి గీచినది. చేతిలో రొక్కం దండిగా ఉన్న ధనికుడు పదహారు లక్షల డాలర్ల ఇంటికి సగం సొమ్ము తానే చెల్లించి, మిగిలిన ఎనిమిది లక్షలకు ప్రమాణబద్ధ రుణం హాయిగా తీసుకోవచ్చును. ఇంటి ధరలో అయిదవ వంతు చేతి నుండి పెట్టగలవాడు ఈ గీత లోపలనే ఉండి 10,40,000 డాలర్ల ఇంటి వరకు పోగలడు. ఇరువదవ వంతు మాత్రమే కూడబెట్టగలిగిన జీతగాడు 8,76,000 డాలర్ల దగ్గరనే ఆగిపోతాడు. గీత అందరికీ ఒకటే. దాని దెబ్బ మాత్రం కూడబెట్టిన సొమ్ము తక్కువగా ఉన్నవానిపైనే ముందుగా పడుతుంది. పరిమితులన్నిటికీ ఈ స్వభావమున్నది. మన పరిమితులకు కూడా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. టెక్సాస్ రాష్ట్రంలో ఒకరికి 2026లో 8,50,000 డాలర్ల అప్పు కావలెను. గీత కంటె 17,250 డాలర్లు ఎక్కువ. ఆ కొద్ది మొత్తం వలన అప్పు మొత్తం స్వభావమే మారిపోతుంది. ఆయన ముందు మూడు దారులున్నవి. ఆ 17,250 డాలర్లు ఎక్కడి నుండైనా తెచ్చి చేతి సొమ్ములో కలపడం, చిన్న రెండవ తనఖా పెట్టి ఎక్కువ వడ్డీకి తెచ్చుకోవడం, లేదా జంబో రుణానికి దరఖాస్తు చేయడం. అందుచేతనే అక్కడ సరిగ్గా గీత వద్దకు వచ్చి ఆగిపోయే అప్పులు అసాధారణ సంఖ్యలో కనిపిస్తాయి. ప్రజలు తమ అవసరాన్ని బట్టి గాక గీతను బట్టి అప్పు తీసుకుంటున్నారన్నమాట.

అదే 8,50,000 డాలర్ల అప్పు కాలిఫోర్నియాలోని శాంటాక్లారా కౌంటీలో గీతకు లోపలనే ఉంటుంది. ఇండ్ల ధరలు మిక్కిలి ఎక్కువగా ఉన్న కౌంటీలలో పరిమితిని సాధారణ గీతకు ఒకటిన్నర రెట్ల వరకు పెంచుటకు చట్టం అనుమతించినది. 2026లో ఆ పై గీత 12,49,125 డాలర్లు. స్థానికంగా ఇంటి మధ్యస్థ విలువకు 115 శాతం ఎంతో లెక్కించి, రెండు గీతల నడుమ ఆ కౌంటీ పరిమితిని నిర్ణయిస్తారు. పదవీ విరమణ చేసిన మన సభ్యులలో కొందరి బిడ్డలు డల్లాస్ పరిసరాల్లో ఉన్నారు, కొందరి బిడ్డలు కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో ఉన్నారు. ఒకే జీతం, ఒకే అప్పు, ఊరిని బట్టి వేరు వేరు నియమాలు ఎందుకో వారు ఫోనులో చెప్పగా విన్నవారుంటారు. కారణమిదే.

గీత ఆగినప్పుడేమి జరిగినది

గీత విలువ ప్రశాంత కాలంలో అంతగా తెలియదు. 2007 ఆగస్టులో అమెరికా గృహరుణ మార్కెట్టు కుప్పకూలసాగినప్పుడు తెలిసినది. ప్రభుత్వ అండ లేని రుణపత్రాలను మదుపుదారులు కొనడం మానివేశారు. జంబో రుణాల మార్కెట్టు దాదాపు స్తంభించినది. అంతకు పూర్వం ప్రమాణబద్ధ రుణానికీ జంబో రుణానికీ వడ్డీలో తేడా సుమారు పావు శాతముండేది. సంక్షోభకాలంలో అది ఒక శాతం దాటినది. ముప్పది సంవత్సరాల అప్పుపై ఒక శాతమంటే ఎంతో బ్యాంకు అప్పు కట్టుచున్న ప్రతి ఉద్యోగికీ తెలుసు. గీతకు ఇవతల ఉన్నవానికి అప్పు పుట్టినది, అవతల ఉన్నవానికి పుట్టలేదు.

2008 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసు ఖరీదైన ప్రాంతాలలో పరిమితిని తాత్కాలికంగా 7,29,750 డాలర్ల వరకు పెంచినది. ఆ తాత్కాలిక ఏర్పాటు 2011 సెప్టెంబరు 30తో ముగియగా, మరునాటి నుండి పై గీత 6,25,500 డాలర్లకు దిగినది. సెప్టెంబరు నెలాఖరులో ప్రమాణబద్ధమైన అప్పు అక్టోబరు ఒకటవ తేదీన కాకుండా పోయినది. ఇంటి గోడలు మారలేదు, కొనేవాని జీతం మారలేదు.

2008 జులైలో చేసిన చట్టం ఈ వ్యవహారాన్ని ఒక కట్టడిలోకి తెచ్చినది. ఫెడరల్ హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ పుట్టినదీ ఆ చట్టంతోనే. ఆ చట్టం ప్రకారం దేశంలో ఇండ్ల ధరల సూచిక ఏ మేరకు పెరిగితే పరిమితి ఆ మేరకు పెరుగవలెను. ధరలు తగ్గితే పరిమితిని తగ్గించరు. కాని తగ్గిన ధరలు తిరిగి పూర్వపు స్థాయికి చేరేవరకు పెంచరు కూడా. ధరలు పడిపోయి యుండుటచేత 2006లో 4,17,000 డాలర్లుగా ఉన్న సాధారణ పరిమితి 2016 వరకు పదకొండు సంవత్సరాలు అట్లే ఉండిపోయినది. 2017లో 4,24,100కు కదలినది. ఆ పిమ్మట ప్రతి సంవత్సరమూ పెరిగినది. ఇండ్ల ధరలు మండిపోయిన కాలంలో, 2022లో, ఒక్కసారిగా 18.05 శాతం పెరిగి 6,47,200 అయినది. 2016 సంఖ్యనూ 2026 సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూస్తే పదేళ్లలో పరిమితి దాదాపు రెట్టింపు.

ఇదంతా చదివి అమెరికా వ్యవస్థ ఆదర్శప్రాయమని ఎవరైనా భావిస్తే పొరబాటే. లాభాలు వాటాదారులకు, నష్టాలు ప్రజలకు అన్న సూత్రానికి ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ చరిత్ర కంటె మంచి ఉదాహరణ దొరకదు. 2008 సెప్టెంబరులో ఆ రెండు సంస్థలనూ ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకోవలసి వచ్చినది, వాటిని నిలబెట్టుటకు 18,700 కోట్ల డాలర్లకు పైగా ఖజానా నుండి పోయవలసి వచ్చినది. అదే కాలంలో లక్షలాది సామాన్యుల ఇండ్లు వాయిదాలు కట్టలేక వేలమైపోయినవి. వారికి అటువంటి అండ దొరకలేదు. జంబో రుణమెప్పుడూ ఖరీదైనదనుకోవడం కూడా సరికాదు. 2013 తర్వాత కొంతకాలం ధనిక ఖాతాదారులను ఆకర్షించుటకు బ్యాంకులు జంబో రుణాలను ప్రమాణబద్ధ రుణాల కంటె తక్కువ వడ్డీకి ఇచ్చినవి. ఉన్నవానికి గీత లోపలా సుఖమే, వెలుపలా సుఖమే.

పరిమితిని పెంచితే ఆ పెంపు అమ్మేవాని జేబులోకే పోతుందని, ఇంటి ధరలు మరింత పెరుగుతాయని అక్కడ కొందరు ఆర్థికవేత్తలు వాదిస్తారు. ఈ వాదనలో సత్యం లేకపోలేదు. ఇండ్లు కట్టకుండా అప్పు మాత్రమే పెంచుకుంటూ పోతే ధర పెరుగుతుంది. దేశం మొత్తానికి వర్తించే పరిమితి విషయంలో ఈ అభ్యంతరాన్ని తప్పక ఆలోచించవలెను. కాని గుంతకల్లులో పదిమంది రైల్వే ఉద్యోగులకు, మచిలీపట్నంలో అయిదుగురు తపాలా ఉద్యోగులకు యజమాని ఇచ్చే అడ్వాన్సు పెరిగినంత మాత్రాన ఆ ఊరి స్థలాల ధరలు ఆకాశానికి ఎగురుతాయని ఎవరైనా అంటే, అది వాదన కొరకు వాదనే అగును.

మన గీత, మన లెక్క

ఇక మన అడ్వాన్సు సంగతికి వద్దాం. 2008 నవంబరు ఉత్తర్వుల ప్రకారం గృహనిర్మాణ అడ్వాన్సు గరిష్ఠ పరిమితి 7.5 లక్షల రూపాయలు. తొమ్మిదేళ్ల పాటు అది చెక్కుచెదరలేదు. ఏడవ వేతన సంఘం 2015 నవంబరులో తన నివేదికను సమర్పించగా, ఆ సిఫారసుల మేరకు గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2017 నవంబరులో కొత్త నియమాలను ప్రకటించినది. వాటి ప్రకారం కొత్త ఇల్లు కట్టుకొనుటకు గాని కొనుక్కొనుటకు గాని 34 నెలల మూల వేతనం, 25 లక్షల రూపాయలు, ఇంటి ఖరీదు, ఉద్యోగి తిరిగి చెల్లించగల శక్తి, వీటిలో ఏది తక్కువైతే అంత ఇస్తారు. ఉన్న ఇంటిని విస్తరించుటకైతే పది లక్షలకు మించదు. ఆ నియమాలలో మంచి మార్పులు కూడా వచ్చినవని ఒప్పుకొనవలెను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇద్దరూ అడ్వాన్సు తీసుకొనవచ్చును. బ్యాంకులో అప్పు తీసుకున్నవారు దానిని తీర్చి ఇందులోకి మారవచ్చును.

ఈ అడ్వాన్సు విలువ ఎంతటిదో ప్రభుత్వమే ఆనాడు లెక్కవేసి చూపినది. 25 లక్షలు ఇరువది సంవత్సరాలకు స్టేట్ బ్యాంకులో ఆనాటి 8.35 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు 21,459 రూపాయల వాయిదా, మొత్తం చెల్లింపు 51.50 లక్షలు. అదే 25 లక్షల అడ్వాన్సు 8.50 శాతం వడ్డీతో తీసుకున్నా, మొదటి పదిహేనేళ్లు నెలకు 13,890 అసలు, తరువాత అయిదేళ్లు నెలకు 26,411 వడ్డీ, మొత్తం 40.84 లక్షలు. అడ్వాన్సుపై వడ్డీ బారువడ్డీ, చక్రవడ్డీ కాదు. అందుకే వడ్డీ రేటు కొంచెం ఎక్కువైనా చివరకు 10.66 లక్షలు తక్కువ.

ఈ లెక్కనే తిరగవేసి చూడండి. ప్రతి లక్ష రూపాయలకూ ఇరువదేళ్లలో దాదాపు 42,600 రూపాయల తేడా. పరిమితి అడ్డుపడి ఒక ఉద్యోగి పది లక్షలు అడ్వాన్సుగా గాక బ్యాంకు అప్పుగా తెచ్చుకోవలసివస్తే, ఆ రేట్ల ప్రకారం, అతడు నాలుగు లక్షల ఇరువది ఆరు వేలు అదనంగా చెల్లిస్తాడు. అడ్వాన్సు ఇవ్వకపోవడం వలన ప్రభుత్వానికి మిగిలినదేమో గాని, ఉద్యోగి నుండి పోయినది మాత్రం ఇది.

అయితే మనలో చాలామంది 25 లక్షల గీత దాకా పోనే పోరు. అసలు గీత 34 నెలలదే. మొదటి లెవెల్‌లో 18,000 మూల వేతనంతో చేరిన ట్రాక్ మెయింటైనరుకు గాని, ఎం.టి.ఎస్. ఉద్యోగికి గాని వచ్చేది 6,12,000 రూపాయలు. మూడవ లెవెల్‌లో 21,700తో ఉన్న పోస్ట్‌మన్‌కు 7,37,800. నాలుగవ లెవెల్‌లో 25,500తో మొదలయ్యే పోస్టల్ అసిస్టెంటుకు 8,67,000. ఆరవ లెవెల్‌లో 35,400తో ప్రవేశించిన స్టేషను మాస్టరుకు 12,03,600. పూర్తి 25 లక్షలు రావలెనంటే మూల వేతనం 73,530 రూపాయలు ఉండవలెను. క్రింది శ్రేణులలోని వారికి ఆ సంఖ్య కనుచూపు మేరలో ఉండదు. పరిమితిని 25 నుండి 40 లక్షలకో 50 లక్షలకో పెంచమని మాత్రమే అడిగితే అది పై శ్రేణుల వారికి మాత్రమే ఉపకరించే కోరిక అగును. ఈ మాట మన సమావేశాలలో తగినంత స్పష్టంగా చెప్పబడడం లేదు.

నియమాలలోనే మరొక విచిత్రమున్నది. ఉద్యోగి ఎంత ఖరీదైన ఇల్లు కట్టుకొనవచ్చునో కూడా నియమాలు నిర్ణయించినవి. అది మూల వేతనానికి 139 రెట్లు, కోటి రూపాయలకు మించకుండా. అవసరమైతే 25 శాతం సడలింపు. అనగా 18,000 మూల వేతనం గల ఉద్యోగి 25 లక్షల ఇల్లు కట్టుకొనడం సమంజసమేనని నియమాలు వ్రాసినవారే అంగీకరించారు. అతనికి ఇచ్చేది మాత్రం 6,12,000. ఇంటికి 139 నెలల జీతం అవుతుందని ఒక పేరాలో ఒప్పుకొని, మరొక పేరాలో 34 నెలల జీతం చేతిలో పెట్టి పంపుచున్నారు. నాల్గవ వంతు కూడా కాదు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల వరకు గృహరుణానికి బ్యాంకులు ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వవచ్చును. ముక్కూమొగమూ తెలియని బ్యాంకు 90 శాతం ఇవ్వగలిగినచోట, జీతం నుండి నెలనెలా కోత కోసుకొనగల యజమాని, ఇంటిని తనఖా పెట్టించుకున్న యజమాని, 24 శాతం దగ్గర ఆగిపోవడమేమిటి?

మిగిలిన సొమ్ము ఎక్కడి నుండి వస్తుంది? 2004 జనవరికి ముందు చేరినవారికి ప్రావిడెంటు ఫండు ఉన్నది. ఇంటి కొరకు అందులో 90 శాతం వరకు తీసుకొనవచ్చును. ఆ తరువాత చేరినవారికి ఆ దారి లేదు. కొత్త పింఛను పథకంలో తాము స్వయంగా జమచేసిన దానిలో 25 శాతం మాత్రమే పాక్షికంగా తీసుకొనవచ్చును. కనుక అడ్వాన్సు పరిమితి దెబ్బ పాత ఉద్యోగి కంటె కొత్త ఉద్యోగిపై ఎక్కువగా పడుచున్నది. ఈనాడు సర్వీసులో ఉన్నవారిలో అధికులు అటువంటివారే. వారికి మిగిలినవి సహకార సొసైటీ, బ్యాంకు, మామగారి పొలం.

పరిమితిని సూచికకు ముడిపెట్టడం అమెరికా చట్టంలో మాత్రమే సాధ్యమైన వింత కాదు. మన వేతన నియమాలలోనే అది ఉన్నది. ఇంటి అద్దె భత్యాన్ని చూడండి. 2017లో 24, 16, 8 శాతాలుగా నిర్ణయించినప్పుడే, కరవు భత్యం 25 శాతం దాటితే 27, 18, 9కి, 50 శాతం చేరితే 30, 20, 10కి పెరుగవలెనని వ్రాశారు. 2024 జనవరిలో కరవు భత్యం 50 శాతానికి చేరగానే అద్దె భత్యం పెరిగినది. గ్రాట్యుటీ పరిమితి కూడా ఆ తేదీ నుండే 20 లక్షల నుండి 25 లక్షలు అయినది. ధరలు పెరిగితే అద్దె పెరుగుతుందని, గ్రాట్యుటీ విలువ తగ్గుతుందని ప్రభుత్వం గుర్తించినది. అవే ధరలు ఇంటి నిర్మాణానికి కూడా వర్తిస్తాయని గుర్తించలేదు. 34 నెలల లెక్కకు ఇప్పటికీ కరవు భత్యాన్ని కలుపరు. 2025 జులై నాటి 58 శాతాన్ని కలిపితే 18,000 మూల వేతనం 28,440 అగును, అడ్వాన్సు 6,12,000కు బదులు 9,66,960 అగును. ఒక్క పదాన్ని, ‘మూల వేతనం’ అన్న దానిని ‘మూల వేతనమూ కరవు భత్యమూ’ అని మార్చితే చాలు.

ఊరిని బట్టి తేడా చూపడం కూడా మనకు కొత్త కాదు. అద్దె భత్యానికి హైదరాబాదు ఒక తరగతి, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, వరంగల్లు రెండవ తరగతి, గుంతకల్లు వంటి ఊళ్లు మూడవ తరగతి. అడ్వాన్సు వద్దకు వచ్చేసరికి దేశమంతా ఒకే ఊరు. రిజర్వు బ్యాంకు ఈ తేడాను ఏనాడో పాటించినది. ప్రాధాన్యతా రంగపు గృహరుణాల పరిమితి 2018లో మహానగరాలకు 35 లక్షలు, మిగిలిన చోట్ల 25 లక్షలు. 2025 ఏప్రిల్ నుండి జనాభా 50 లక్షలకు మించిన నగరాలకు 50 లక్షలు, పది నుండి 50 లక్షల మధ్య నగరాలకు 45 లక్షలు, మిగిలిన ఊళ్లకు 35 లక్షలు. గుంతకల్లులో కూడా 25 లక్షలు చాలవని, 35 లక్షలు కావలెనని దేశపు కేంద్ర బ్యాంకే ఒప్పుకున్నది. అదే ఊళ్లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగికి మాత్రం 2017 నాటి లెక్కతోనే ఇంటి అడ్వాన్సు ఇచ్చుచున్నది. సూచికలు లేవందామా? రిజర్వు బ్యాంకు మూడు నెలలకొకసారి ఇండ్ల ధరల సూచికను ప్రకటించుచున్నది. నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2007 నుండి నగరాలవారీగా రెసిడెక్స్ సూచికను వెలువరించుచున్నది. హైదరాబాదు, విజయవాడ అందులో ఉన్నవి.

బడ్జెటులో సొమ్ము లేదన్నది పాత సమాధానం. ఇది భత్యం కాదు, దానం కాదు. అప్పు. తిరిగి వచ్చే సొమ్ము. ఇంటిని ప్రభుత్వానికి తనఖా పెట్టవలెను, బీమా చేయించవలెను, వాయిదాలు జీతపు బిల్లులోనే కోతపడతాయి. ఇంత భద్రమైన అప్పు దేశంలో మరొక బ్యాంకుకు దొరకదు. దరఖాస్తుతోపాటు సమర్పించవలసిన కాగితాల దొంతరను చూచినవారెవరూ ఈ సొమ్ము ఎగవేతకు గురవుతుందని భయపడరు.

2025 నవంబరులో ఎనిమిదవ వేతన సంఘం ఏర్పాటైనది, నివేదికకు పదునెనిమిది నెలల గడువు. సమాఖ్యలూ సంఘాలూ ఇచ్చే వినతిపత్రాలలో గృహనిర్మాణ అడ్వాన్సుకు చివరి పుటలలో ఒక పంక్తి కేటాయించి, ‘గరిష్ఠ పరిమితిని పెంచవలెను’ అని వ్రాసి ఊరుకొనడం ఈసారి చాలదు. పెంచిన సంఖ్య 2017 సంఖ్య వలెనే మరొక దశాబ్దం కదలకుండా పడి ఉంటుంది. నెలల సంఖ్యను 34 నుండి పైకి జరపమని, లెక్కలో కరవు భత్యాన్ని చేర్చమని, గరిష్ఠ పరిమితిని ఊళ్ల తరగతులను బట్టి నిర్ణయించి ఇండ్ల ధరల సూచికతో ఏటా సవరించమని విడివిడిగా, లెక్కలతో సహా అడుగవలెను. మొదటి రెండూ క్రింది శ్రేణులవారి కోరికలు కనుక అవి ముందుండవలెను.

ఇక గ్రామీణ డాక్ సేవకుల మాట. రెగ్యులర్ ఉద్యోగులుగా గుర్తింపు లేనందున వారికి 34 నెలల గీత లేదు, 25 లక్షల గీత లేదు, అసలు ఈ అడ్వాన్సే లేదు. పల్లెలో బ్రాంచి పోస్టాఫీసు నడుపుటకు చోటు చూపవలసిన బాధ్యత మాత్రం బ్రాంచి పోస్టుమాస్టరుదే. చాలాచోట్ల ఆ చోటు అతని ఇంటి ముందుగదియే. తపాలా శాఖ తన కార్యాలయాన్ని నడుపుకొనే ఆ గదికి కప్పు వేసుకొనుటకైనా అతనికి అప్పు ఇవ్వని నియమాన్ని వేతన సంఘం పరిధిలోకి రాదని ప్రక్కన పెట్టివేయక, శాఖ ముందు వేరుగా ఉంచవలెను.